పొట్టివారికి కొలబద్ద యేది?

బడిలో ప్రార్థనకు గంట కొట్టగానే మనము పిల్లలను ఎత్తును బట్టి వరుసలో నిలుపుదుము. పొట్టివారు ముందు, పొడగరులు వెనుక. అందరికిని ముందున్నది కనబడవలెనని యేర్పరచుకొన్న మంచి పద్ధతి యిది. కాని సాయంకాలము ఆటస్థలమునకు పోయిన తరువాత గూడ ఆ వరుస మన మనస్సులో చెదరక నిలిచియుండును. బాస్కెట్‌బాల్ జట్టును ఏర్పరచునపుడు వెనుకవారిని ముందుకు పిలుతుము. ముందువారిని ఇంటికి పంపుదుము.

ఈ వ్యాసకర్తయు ఒకనాడు అట్లు చేసినవాడే. చాల యేండ్ల క్రిందట సిరిసిల్ల ప్రాంతములోని ఒక బడిలో ఏడవ తరగతి పిల్లవాడొకడు నా యొద్దకు వచ్చి, “సార్, నన్ను గూడ ఆడనియ్యుండ్రి” అని అడిగెను. వాని తల నా మోచేతికి కొంచెము పైగా వచ్చును. “నీకు రింగు ఎట్ల అందుతదిరా? పొయ్యి ఖోఖోల నిలబడు” అంటిని. వాడు చిన్నబుచ్చుకొనలేదు. పోయి ఖోఖోలో నిలిచెను. వెంటాడువారు ఒకరి తరువాత ఒకరుగా లేచి వచ్చినను వాడు చేతికి దొరకలేదు. కుడికి పోవునట్లు భుజము వంచి ఎడమకు జారుచుండెను. నేను ఆ విన్యాసమును చూచి చప్పట్లు కొట్టితిని గాని, బాస్కెట్‌బాల్ కోర్టులో నాకు కావలసినది ఆ అడుగేయని గ్రహింపలేకపోతిని. మరుసటి యేడు వాని తల్లిదండ్రులు మగ్గపు పనికై భీవండికి పోవుచు వానిని వెంట తీసికొనిపోయిరి. తప్పు దిద్దుకొనుటకు నాకు అవకాశము మిగులలేదు.

అప్పటి నుండి నన్ను వేధించుచున్న ప్రశ్న యిది: పొట్టిపిల్లలు ఇద్దరో ముగ్గురో ముందుకు వచ్చినపుడు, వారిలో ఆటకు తగినవారు ఎవరని ఎట్లు నిర్ణయింపవలెను? పొడగరులను పోల్చుటకు కొలబద్ద గోడమీదనే యున్నది. పొట్టివారిని పోల్చుటకు ఏ కొలబద్దను పట్టుకొనవలెను?

ఈ ఆటను కల్పించినవాడు గూడ ఒక వ్యాయామోపాధ్యాయుడే. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్స్ నైస్మిత్ అను నతడు, చలికాలమున లోపల ఆడుకొనదగిన ఆట కావలెనని, పండ్లబుట్టలను వ్యాయామశాల మేడవసారా అంచునకు కొట్టించెను. ఆ అంచు నేలకు పది అడుగుల ఎత్తున నుండెను. నాటి అంచు ఎత్తే నేటికిని ప్రపంచమంతట నియమమై నిలిచినది. ముష్టియుద్ధమున బరువును బట్టి విభాగములు కలవు. కనుకనే మన పొరుగున నున్న నిజామాబాదు ఆడపడుచు నిఖత్ జరీన్ తన బరువువారితో తలపడి 2022లోను 2023లోను ప్రపంచ విజేత కాగలిగెను. వాలీబాల్‌లో 1998 నుండి లిబెరో అను స్థానము నేర్పరచి, వెనుక వరుసలో బంతిని కాపాడు చురుకైన పొట్టివారికి చోటు కల్పించిరి. బాస్కెట్‌బాల్‌లో అట్టి దయ యేదియు లేదు. రింగు అందరికిని ఒకే ఎత్తున నుండును.

అయినను ఈ ఆటలో పొట్టివాడు నిలువదగిన స్థానము ఒకటి యున్నది. దానిని పాయింట్ గార్డు అందురు. జట్టులోని అయిదుగురిలో బంతిని తెచ్చువాడు, ఎవరికెప్పుడు అందింపవలెనో నిర్ణయించువాడు ఇతడే. ఎనిమిది సెకండ్లలో బంతిని సగము కోర్టు దాటింపవలెను. ఇరువదినాలుగు సెకండ్లలో జట్టు రింగు వైపు వేటు వేయవలెను. ఆ కొద్ది కాలములో నలుగురి కదలికను కనిపెట్టి నడపువాడు జట్టునకు సారథి. కురుక్షేత్రమున సారథి ఆయుధము పట్టకయే యుద్ధమును నడపిన సంగతి మనము పిల్లలకు చెప్పుచునే యున్నాము గదా!

అట్లని ఎత్తుతో పనిలేదనుట పిల్లలను మోసగించుటయే యగును. ఎత్తరి తలపై నుండి చూచును; చేయి చాచి బంతిని అడ్డగించును; ఎగురకయే రింగు దరికి చేరును. వామనచరిత్రలో వామనుడు అడిగిన మూడడుగుల నేలను కొలుచుటకై బ్రహ్మాండమంత పెరిగెను. మన పొట్టిపిల్లవాడు అట్లు పెరుగకపోవచ్చును. వాడు వామనుడుగనే యుండి మూడడుగులును కొలువవలెను. అది ఎట్లు సాధ్యమో తెలిసికొనుటకు, ప్రపంచములో కెల్ల గొప్ప వృత్తి పోటీయైన అమెరికా ఎన్.బి.ఎ.లో ఆడిన కొందరు పొట్టివారిని ఒకరి ప్రక్కన ఒకరిని నిలిపి చూతము.

అందరికంటె పొట్టివాడు మగ్సీ బోగ్స్. బాల్టిమోరు నగరవాసి. ఎత్తు 5 అడుగుల 3 అంగుళములు, అనగా 160 సెంటిమీటర్లు. మన కరీంనగరు బజారులో నడచినను పదుగురిలో పొట్టివాడే యగును. 1987లో వాషింగ్టను జట్టు అతనిని 12వ యెంపికగా తీసికొనెను. అదే జట్టులో 7 అడుగుల 7 అంగుళముల మనూట్ బోల్ ఉండుటచే ఇరువురిని ప్రక్కప్రక్కన నిలిపి ఫోటోలు తీసి జనులు నవ్వుకొనిరి. నవ్వు కొన్నాళ్ళకు ఆగినది. బోగ్స్ పదునాలుగు సీజన్లు ఆడెను. 889 ఆటలలో 6,726 అసిస్టులు, అనగా తోటివాడు గోలు వేయుటకు నేరుగా తోడ్పడిన అందింపులు, అతని ఖాతాలో నున్నవి. బంతిని ఒకమారు పోగొట్టుకొనులోపల నాలుగింటికి పైగా అసిస్టులు చేయుట అతని నియమము. ఎదుటివాడు బంతిని నేలపై కొట్టునపుడు, ఆ బంతి లేచు ఎత్తులోనే బోగ్స్ చేతులుండెడివి. పొట్టితనము అతనికి అచ్చట లోపము గాక సాధనమైనది.

రెండవవాడు స్పడ్ వెబ్. ఎత్తు సుమారు 5 అడుగుల 7 అంగుళములు. 1986లో జరిగిన డంకింగు పోటీలో, అనగా ఎగిరి బంతిని రింగులో చేతితో కుక్కు పోటీలో, తన జట్టువాడే యైన డొమినిక్ విల్కిన్సును ఓడించి లోకమును ఆశ్చర్యపరచెను. జనులకు ఆ యెగురుటయే జ్ఞాపకమున్నది. కాని యెగురుట అతనికి కీర్తి నిచ్చినదే గాని బ్రతుకు నీయలేదు. పండ్రెండు సీజన్లు అతనిని కోర్టులో నిలిపినవి బంతి పంపకమును, గురి తప్పని చేతియు. 1994–95 సీజనులో ఫ్రీత్రోలలో నూటికి 93.4 వంతున వేసి లీగులో ప్రథముడయ్యెను.

మూడవవాడు ఎర్ల్ బాయ్‌కిన్స్. 5 అడుగుల 5 అంగుళములు. 1998లో ఏ జట్టును అతనిని ఎన్నుకొనలేదు. పదిదినముల ఒప్పందములపై ఇచ్చట కొన్నాళ్ళు, అచ్చట కొన్నాళ్ళు ఆడి, తుదకు డెన్వరు జట్టులో నిలద్రొక్కుకొనెను. 2004 నవంబరులో ఒక ఆటలో 32 పాయింట్లు చేసెను. అతని ఆస్తి దేహబలము. పొట్టివానిని తోసివేయవచ్చునని వచ్చినవారు గోడను తాకినట్లు నిలిచిపోయెడివారు.

నాలుగవవాడు ఐజయా థామస్. 5 అడుగుల 9 అంగుళములు. 2011లో అరువదిమందిని ఎన్నుకొనగా ఇతడు అరువదవవాడు. 2016–17లో బోస్టను జట్టునకు సగటున ఆటకు 28.9 పాయింట్లు చేసెను. కాని ఆ యేడే తుంటికి గాయమైనది. జట్టు అతనిని వేరొక జట్టునకు మార్చివేసెను. ఆ వైభవము తిరిగి రాలేదు. ఎదుటి జట్టులు తమ పొడగరిని అతని మీదికి పంపి, రక్షణలో అతనిని లోకువ చేయుటకు ఎల్లప్పుడును ప్రయత్నించెడివి. పొట్టివాడు ఎన్ని పాయింట్లు చేసినను, వానివలన ఎన్ని పోవుచున్నవను లెక్క ఒకటి ప్రక్కనే నడచుచుండునని ఇతని కథ చెప్పుచున్నది.

అయిదవవాడు ఆసియా వాసి, జపానులోని యమగుచి ప్రాంతపు యూకి కవమురా. ఎత్తు 172 సెంటిమీటర్లు. 2023 ప్రపంచకప్పులో ఫిన్లండుపై 25 పాయింట్లు చేసి తన దేశమును గెలిపించెను. 2024 పారిస్ ఒలింపిక్సులో ఆతిథ్య దేశమైన ఫ్రాన్సుపై 29 పాయింట్లు చేసెను. అదనపు సమయము దాక సాగిన ఆ ఆటలో జపాను ఓడినను గౌరవము పోగొట్టుకొనలేదు. అదే సంవత్సరము అతడు మెంఫిస్ జట్టులో చేరి ఎన్.బి.ఎ.లో అడుగు పెట్టెను. ఇచ్చట మనము నేర్చుకొనవలసినది మరియొకటి యున్నది. జపాను శిక్షకుడు తమవారు పొట్టివారని విచారించుచు కూర్చుండలేదు. వేగమును, దూరపు వేటును ఆధారముగా జట్టునే ఆ కొలతకు కుట్టించెను.

బాలికలలోను ఇట్టివారు కలరు. 5 అడుగుల 3 అంగుళముల టెమేకా జాన్సన్ 2005లో అమెరికా మహిళా వృత్తి లీగున ఉత్తమ నూతన క్రీడాకారిణి యనిపించుకొనెను.

వీరిని పోల్చిచూడగా ఒక సంగతి తేటపడుచున్నది. వీరిలో ఏ ఇద్దరును ఒక తీరువారు కారు. ఒకరికి చూపు, ఒకరికి యెగురు, ఒకరికి బలము, ఒకరికి గురి. అందరికిని ఉమ్మడిగా నున్నది ఒక్కటే: ఎత్తు తక్కువగుటచే జట్టునకు కలుగు నష్టమును, ప్రతి ఆటలోను, ప్రతి నిమిషమును, మరియొక దానితో తీర్చగలుగుట. కనుక పొట్టివారిని పోల్చు కొలబద్ద యిది: ఈ పిల్ల తన అప్పును దేనితో తీర్చును? ఆ తీర్చునది అప్పుడప్పుడు మెరయునదా, నిత్యము ఉండునదా? వెబ్ యెగురుట మెరుపు. బోగ్స్ బంతిని కాపాడుకొనుట నిత్యము.

ఎత్తున్నంత మాత్రమున పని జరుగదనుటకు మన దేశమందే నిదర్శన మున్నది. పంజాబులోని బల్లో కే గ్రామస్థుడు, 7 అడుగుల 2 అంగుళముల సత్నాం సింగ్ 2015లో డాలస్ జట్టునకు ఎన్నికై చరిత్ర సృష్టించెను. అది మనకందరికిని గర్వకారణమే. కాని అతనికి ఎన్.బి.ఎ.లో ఒక్క ఆటయు ఆడు భాగ్యము కలుగలేదు. అతనికంటె దాదాపు రెండడుగులు పొట్టియైన బోగ్స్ 889 ఆటలు ఆడెను.

ఇక మన జిల్లాలకు వత్తము. 2016లో జిల్లాలను విభజించిన తరువాత పాత కరీంనగరు నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలును, పాత ఆదిలాబాదు నుండి మంచిర్యాల, నిర్మల్, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలును ఏర్పడినవి. ఈ ప్రాంతమంతటికిని కరీంనగరులోను ఆదిలాబాదులోను ప్రభుత్వ క్రీడాపాఠశాలలు కలవు. హైదరాబాదు చెంత హకీంపేటలోని క్రీడాపాఠశాలతో పాటు వీటిలోను నాలుగవ తరగతిలో పిల్లలను చేర్చుకొందురు. ప్రవేశమునకు ఎత్తు, బరువు చూతురు, 30 మీటర్ల పరుగు, 6×10 మీటర్ల షటిల్ పరుగు, 800 మీటర్ల పరుగు పెట్టుదురు, నిలుచున్న చోటినుండి ముందుకు దూకించెదరు, పైకి ఎగిరించెదరు, మెడిసిన్ బంతి విసరించెదరు, నడుము వంచించెదరు. అన్ని ఆటలకును పనికివచ్చు పునాదిని చూచుటకు ఇవి మంచి పరీక్షలే. పదిమీటర్ల కొకమారు వెనుదిరిగి పరుగెత్తు షటిల్ పరుగులో, నా పోగొట్టుకొన్న పిల్లవాడు తప్పక ముందుండెడివాడు. కాని చూపును, అందింపును కొలుచు పరీక్ష వీటిలో లేదు. గడియారమునకు, టేపునకు అవి చిక్కవు గదా! దానిని కనిపెట్టవలసినవారు బడిలో ఏడాది పొడుగునను పిల్లలను చూచు ఉపాధ్యాయులే.

వయస్సు సంగతియు ఇచ్చట మరువరాదు. బాలికలు పండ్రెండేండ్ల ప్రాంతమునను, బాలురు పదునాలుగేండ్ల ప్రాంతమునను మిక్కిలి వేగముగా ఎదుగుదురు. అదియు అందరికిని ఒకే యేడు జరుగదు. ఒకడు ముందు, ఒకడు రెండేండ్లు వెనుక. కెనడాలో మంచుహాకీ ఆటగాండ్ర పుట్టిన నెలలను 1980 దశకమున పరిశీలింపగా, ఎన్నికైనవారిలో సంవత్సరారంభపు నెలలలో పుట్టినవారే అధికముగా నుండిరి. కొన్ని నెలల పెద్దతనమును మనుష్యులు ప్రతిభగా పొరబడిరన్న మాట. మన బడి రిజిస్టర్లలోనైతే ఎందరికో పుట్టిన తేది జూను నెలలోనే యుండును! తల్లిదండ్రులు చెప్పలేనపుడు బడిలో చేర్చు నెలనే మనము పుట్టిన నెలగా వ్రాసితిమి. కనుక నేడు పొట్టిగా కనబడు పిల్ల నిజముగ పొట్టియో, తోటివారికంటె చిన్నదియో నిర్ణయించుటకు మనకు కాగితమును ఆధారము గాదు.

ఊహకు ఇద్దరు బాలికలను తీసికొందము. ఒకతె గోదావరిఖని బొగ్గుగనుల కాలనీలో పెరిగినది. మరియొకతె ఉట్నూరు ప్రాంతపు ఆశ్రమ పాఠశాలలో చదువుచున్నది. ఇరువురకును పదమూడేండ్లు, ఇరువురును 4 అడుగుల 9 అంగుళములు. మొదటి పిల్ల మెరుపువలె పరుగెత్తును, అందరికంటె పైకి ఎగురును. కాని బంతిని కుడిచేతితోనే కొట్టును. కొట్టునంతసేపు బంతినే చూచును. రెండవ పిల్ల పరుగులో ఒక అడుగు వెనుక. కాని రెండు చేతులును సమానము; తల యెత్తి నడచును; ఎదుటి పిల్ల ఖాళీ కాకమునుపే ఖాళీ కాబోవుచున్నదని గ్రహించి బంతిని పంపును. పోగొట్టుకొన్న బంతికై తిట్టుకొనక వెంటనే వెనుకకు పరుగెత్తును.

గడియారమును టేపును అడిగినచో మొదటి పిల్లయే మేలనును. నన్ను అడిగినచో నేటి ఆటకు బంతిని రెండవ పిల్ల చేతికిత్తును. ఏలయన రెండింతలు పెద్దవారు మీదికి వచ్చినపుడు బంతిని కాపాడునది తలయెత్తిన చూపే గాని యెగురుట గాదు. మొదటి పిల్లను మాత్రము ఇంటికి పంపను. ఎదుటి జట్టు సారథి వెంట నీడవలె తిరుగు పనిని ఆమె కప్పగింతును. ఆరునెలలు ఎడమచేతితోనే బంతి కొట్టించి మరల ఇరువురిని పోల్చిచూతును. వేగము దేహముతో వచ్చును. ఎడమచేయి సాధనతో వచ్చును. సాధనతో రాగల దానిని లోపమని వ్రాసి పిల్లను త్రోసివేయుట ఉపాధ్యాయుని లోపము.

పొట్టివారిని పరీక్షింపగోరు మిత్రులు అయిదు ప్రశ్నలు వేసికొందురు గాక. ఇద్దరు మీదపడినను బంతిని రెండు చేతులతోను కాపాడుకొనుచున్నదా? నిలిచినచోటి నుండి మొదటి అడుగులో ఎదుటివారిని దాటుచున్నదా? తోటివారిని చూచుచున్నదా, రింగునే చూచుచున్నదా? దూరము నుండి వేటు వేయగలదా? లేనిచో ఎదుటివారు ఆమెను వదలి వెనుకకు జరిగి దారులన్నియు మూసివేయుదురు. కడపటిది, రక్షణలో పొడగరి మీదికి వచ్చినపుడు కాళ్ళతో అడ్డునిలుచునా, చేతులతో పట్టుకొనునా? వీనితోపాటు చేతుల పొడవును గూడ చూడవలెను. తలకంటె చేయి ఎక్కువ దూరము పోవును. ఈ ప్రశ్నలకు డబ్బు ఖర్చు లేదు. మట్టి కోర్టును, ఒక బంతియు, ఓపికగల కన్నులును చాలును. ఖోఖో, కబడ్డీ ఆడునపుడు గూడ వీటిలో సగమునకు జవాబు దొరకును.

విద్యార్థులతోను ఒక మాట చెప్పవలెను. బాస్కెట్‌బాల్ మన దేశమున ఇంకను నిలకడయైన వృత్తి కాలేదు. 2015లో మొదలైన యు.బి.ఎ. లీగు 2017తో ఆగిపోయినది. 2022లో ఐ.ఎన్.బి.ఎల్. ఆరంభమైనది, 2025లో జరిగిన దాని ప్రో పోటీలో హైదరాబాదు పేరుతోను ఒక జట్టు ఆడినది. రైల్వేలలోను, పోలీసు శాఖలోను క్రీడాకారులకు కొలువులు కలవు. ద్వారము ఇరుకైనదే, పొట్టివారికి మరింత ఇరుకైనది. అందుచే చదువును వదలి ఆటను పట్టుకొనుమని నేను చెప్పను. బోగ్స్ వంటివాడు కోటికొకడు. కాని బడి జట్టులో బంతిని పట్టుటకు కోటికొకడు కానక్కరలేదు. పదిమందిలో ధైర్యముగ నిర్ణయము తీసికొనుట, తనకంటె పెద్దవారిని నడపుట, తాను గోలు వేయకయే గెలుపునకు కారణమగుట, ఇవి ఆ కోర్టులో నేర్చిన పిల్లకు ఎచ్చటనైన పనికివచ్చును.

‘పొట్టివానికి పుట్టెడు బుద్ధులు’ అని మనము ఎగతాళికి అనుకొందుము. ఆ బుద్ధులు ఏమిటో చూచుటకు ఒక్క సాయంకాలమైనను కేటాయింపము. భీవండికి పోయిన నా శిష్యుడు నేడు ఎచ్చట ఏ మగ్గము నడుపుచున్నాడో! వాడు గొప్ప ఆటగాడయ్యెడివాడని నేను చెప్పజాలను. చూడనిదానిని గూర్చి తీర్పు చెప్పరాదు. చూడకుండుటయే నేను చేసిన తప్పు. రేపు సాయంకాలము మీ బడి మైదానములో ముందువరుస పిల్ల యెవరైన వచ్చి “నన్ను గూడ ఆడనియ్యుండ్రి” అని అడిగినచో, ఎత్తు కొలుచుటకు ముందు బంతిని ఆ చేతులలో పెట్టి చూడుడు.